మసకబాఱిన కుటుంబపటములు

మన యిండ్లలో వసారాగోడకు, దూలమునకు దిగువగా, ఒక వరుస పటములు వ్రేలాడుచుండుట మీరందఱు నెఱిగినదే. దేవుని పటముల ప్రక్కనే తాతగారు, ఆయన ప్రక్కన నాయనమ్మగారు, ఆవల పీటలమీది వధూవరులు, పట్టా పుచ్చుకొన్ననాటి చినబాబు. ఆ పటములు గోడనుండి కొంచెము ముందునకు వంగి, క్రింద కూర్చున్నవారి మాటలు వినుచున్నట్లుండును. వెనుక పిచ్చుక గూడు కట్టినదని, పిల్లలకు రెక్కలు వచ్చి యెగిరిపోవువఱకు పటము దింపనీయని యిల్లాండ్రను నేనెఱుగుదును. ఆ పటములలోని ముఖములు ఏటేట వెలిసిపోవుచున్నవి. ఇంటిలో నొక పెద్దవారు దాటిపోయినప్పుడెల్ల కొన్ని ముఖములకు పేరులును పోవుచున్నవి. వానిని నిలుపుకొనుట యెట్లు, ఎంతవఱకు నిలుపుకొనవచ్చును, ఎచ్చట ఆగవలెను అను విషయమును గూర్చి నాకు తెలిసిన నాలుగు మాటలు నేడు చెప్పదలచితిని. ఇది నా వృత్తి కాదు. నేను బడిపంతులుగా పనిచేసి విరమించినవాడను. ఒక్క పటముకొఱకు ఈ పని నేర్చుకొంటిని.

ఆ పటము 1968లో మా మేనమామగారి పెండ్లినాడు తీసినది. కొబ్బరాకుల పందిరిముందు 23 మంది బంధువులు. పటము పొడవు 8 అంగుళములు. ముందువరుసలో కుర్చీమీద మా అమ్మ, ఆమె యొడిలో రెండేండ్ల నేను. అందఱి ముఖములును కందిగింజంతలేసి యున్నవి. వెలిసియున్నను పోల్చుకొనవచ్చును, మా మామగారి చేతిగడియారము సయితము కనబడును. మా అమ్మ ముఖమొక్కటి మాత్రము ఆరని రంగుమీద చేయి తగిలినట్లు చెదరిపోయినది.

1977 నవంబరు 19వ తేదీన దివిసీమకు వచ్చిన ఉప్పెనను మీలో చాలమంది యెఱుగుదురు. పదివేలమందికి పైగా ఆ తుపానుకు బలియైరి. నాకప్పుడు 11 ఏండ్లు. గుడివాడలో మా పెద్దమ్మగారి యింట నుండి చదువుకొనుచుంటిని. మా నాయనగారు పనిమీద పొరుగూరి కేగియుండుటచే బ్రతికిరి. కోడూరు దగ్గఱి మా పల్లెలో ఇల్లు పోయెను, ఇంటిలోనున్న మా అమ్మ పోయెను, గోడమీది పటములును పోయెను. పెద్దమ్మగారి ట్రంకుపెట్టెలో పట్టుచీరలక్రింద నుండిన ఈ పెండ్లిపటమొక్కటియే మిగిలెను. పదునొకండేండ్ల పిల్లవాడు తల్లిముఖమును మఱచునా యని మీరనవచ్చును. మఱవడు. కాని అఱువదియేండ్లు దగ్గఱపడునప్పటికి, తనకు జ్ఞాపకమున్నది తల్లిముఖమో, తల్లిముఖమును తలచుకొన్న తలపులో తేల్చుకొనలేడు. కావుననే ఆ చెదరిన ముఖమును స్పష్టముగా చూడవలెనని నాకు కోరిక పుట్టెను.

పటములకు వచ్చు చెఱుపు ఒక్క రకముది కాదు. ఇది తెలియక నేను ఒక సంవత్సరము వృథాచేసితిని. నలుపుతెలుపు పటములలో నలుపుగా కనబడునది రంగు కాదు, వెండి. జెలటిను అను జిగురుపొరలో ఇమిడియున్న సన్నని వెండిరేణువులే మన తాతల మీసములు, నాయనమ్మల కాటుకలు. పటము కడిగినవాడు తొందరపడి మందును పూర్తిగా కడిగివేయకున్నచో, ఆ మందే యేండ్లమీద వెండిని తినివేయును. పటము పసుపువన్నెకు తిరిగి వెలయును. తేమగాలికి ఆ జిగురుపొర మెత్తబడి అద్దమునకు అంటుకొనును. బూజునకు అది మంచి ఆహారము. 1970, 1980 ప్రాంతముల రంగుపటములు అనేకములు నేడు ఎఱ్ఱబాఱి యుండుటకు కారణము వేఱు. వానిలోని మూడు రంగులలో ఆకాశనీలపు ఛాయ మున్ముందుగా నశించుటచే మిగిలిన ఎఱుపు పైకివచ్చినది. ఇవన్నియు పటము పుట్టిన తరువాత వచ్చిన రోగములు. వీనికి చాలవఱకు చికిత్స కలదు. పుట్టుకతో వచ్చిన మసక వేఱు. తీయువాని చేయి వణకినను, తీయించుకొనువారు కదలినను కలుగు మసక అది. ఈ రెండింటికిని మందొక్కటే యనుకొనుటవలననే మోసపోవుచున్నాము.

ముందుగా చేయరాని పనులు చెప్పెదను. వెలిసిన పటమును తడిగుడ్డతో తుడువరాదు. ముఖముమీది మచ్చయని గోటితో గీకరాదు. అద్దమున కంటుకొన్న పటమును లాగి తీయరాదు. పొర యంతయు అద్దముమీదనే నిలిచి, చేతికి తెల్లకాగితము వచ్చును. అద్దముతోనే దానిని నకలు తీయవచ్చును. అన్నిటికన్న ముఖ్యముగా, మండలకేంద్రములోని జిరాక్సు దుకాణమున భూమిపత్రములతోపాటు తాతగారి పటమునకును లామినేషను చేయించుకొని వచ్చువారిని నేను చాలమందిని చూచితిని. పదిలముగా నుండుననియే వారి తలంపు. కాని వేడితోను జిగురుతోను ప్లాస్టికును అదిమివేసిన పిమ్మట ఆ పటమును మరల బయటికి తీయుట అసాధ్యము. కొంతకాలమునకు ఆ జిగురే పటమును చెఱచును. జిరాక్సు తీసిన నకలునకు లామినేషను చేయించుకొనుడు. అసలుపటము జోలికి పోవలదు.

స్కానింగు అనగానే మనకు ఆసుపత్రి జ్ఞప్తికి వచ్చును. ఇదియు ఒకవిధముగా నట్టిదే. రోగిని కోయకుండ లోపలి సంగతి తెలిసికొనుట అది, పటమును ముట్టకుండ దానిలోని సంగతి నంతయు ఎత్తి వ్రాసికొనుట ఇది. స్కానరను యంత్రపు అద్దముమీద పటమును బోరగిల పరచినచో, క్రిందనుండి ఒక దీపము మెల్లగా జరుగుచు పటమును చుక్కచుక్కగా చదువును. ఒక్కొక్క చుక్క యెంత నలుపో, ఎంత తెలుపో అంకెలలో వ్రాసికొనును. అమెరికాలో రస్సెల్ కిర్ష్ అను నాయన 1957లో ఇట్టి యంత్రముతో తొలుదొలుత తన మూడునెలల కుమారుని పటమును కంప్యూటరులోని కెక్కించెను. అడ్డమునకు 176 చుక్కలు, నిలువునకు 176 చుక్కలు. అంతటి శాస్త్రజ్ఞుడును మొదట తన బిడ్డ ముఖమునే పెట్టెను చూడుడు.

చుక్కల లెక్క మన ఆడువారికి చెప్పనక్కఱలేదు. చుక్కలు దట్టముగా పెట్టినకొలది ముగ్గులో పనితనము చూపవచ్చును. సాధారణముగా అంగుళమునకు 600 చుక్కలు చాలును. పెక్కుమంది కూర్చున్న గుంపుపటమైనచో 1200 పెట్టించుడు. అప్పుడు అర సెంటీమీటరు ముఖమునకు సుమారు 236 చుక్కలు వచ్చును. అంతకు మించి పెట్టించిన ప్రయోజనము లేదు. కాగితములో లేని సంగతి చుక్కలు పెంచినంతమాత్రమున రాదు. నలుపుతెలుపు పటమునైనను రంగులలోనే చదివింపుడు. మరకలు పసుపువన్నెవి గనుక, రంగు తెలిసినచో వానిని వేఱుచేయుట సులభము. టిఫ్ అను పద్ధతిలో దాచుమని దుకాణదారు నడుగుడు. జేపెగ్ అను పద్ధతిలో, దిద్ది దాచినప్పుడెల్ల కొంత సంగతి నష్టమగును. వాట్సాపులో పటముగా పంపినచో అది చిక్కిపోయి చేరును; డాక్యుమెంటుగా పంపినచో ఉన్నదున్నట్లు పోవును. స్కానరు దొరకనిచో సెల్‌ఫోనుతోనైనను తీయవచ్చును. పగటివేళ కిటికీదగ్గఱ ఎండ తగులని చోట పటమును చదునుగా పరచి, ఫోనును దానికి సరిగా పైన పట్టుకొని, దీపము వెలిగింపక తీయవలెను.

ఇక దిద్దుబాటు. ఫోటోషాపను సాధనము 1990లో బజారునకు వచ్చెను. గింప్ అను మఱియొకటి ఉచితముగా దొరకును. నేను గింపుతోనే నేర్చుకొంటిని. తొలిపని వెలిసిన వన్నెలను సరిచేయుట. వెలిసిన పటములో నలుపు నలుపుగా లేదు, తెలుపు తెలుపుగా లేదు. రెండును నడుమనున్న బూడిదవన్నెలోనికి వచ్చి చేరినవి. మన కంటికి వాని భేదము తెలియదు గాని అంకెలకు తెలియును. ఆ స్వల్పభేదములను సాగదీసి, మిక్కిలి ముదురైన చుక్కను నలుపునకును మిక్కిలి లేతదానిని తెలుపునకును జరుపగనే, నడుమనున్నవన్నియు తమతమ చోట్లకు పోవును. పోయినదనుకొన్న చీరయంచు కనబడును. ఇందులో కల్పన యేమియు లేదు. ఉన్నదానినే కంటికి తెచ్చుట.

రెండవపని గీతలను, చినుగులను పూడ్చుట. ఇది రఫ్ఫు కుట్టువాని పనివంటిది. రఫ్ఫువాడు ఆ బట్టలోని పోగునే లాగి, చినిగినచోట అల్లును. ఇచ్చటను గీత ప్రక్కనున్న చుక్కలను తెచ్చి గీతమీద పరచుదురు. పందిరియాకులమీదను, గోడమీదను, ధోవతిమీదను ఈ పని నిర్భయముగా చేయవచ్చును. కన్నుమీద, ముక్కుమీద, పెదవిమీద గీత పడినచో నేను విడిచిపెట్టుదును. ప్రక్కనున్న చెక్కిలిని తెచ్చి కన్ను చేయుట రఫ్ఫు కాదు. నా పనిలో పెద్దతాతగారి యెడమకన్నుమీద గీత యిప్పటికిని అట్లే యున్నది.

ఇంతవఱకు బాగుగనే జరిగినది. మా అమ్మ ముఖముదగ్గఱకు వచ్చునప్పటికి నా విద్య ఆగిపోయెను.

మసకను వెనుకకు త్రిప్పు గణితము లేకపోలేదు. 1990లో ఆకాశమునకు పంపిన హబుల్ అను దూరదర్శినిలో, పెద్ద అద్దము అంచున తలవెండ్రుకలో ఏబదవవంతు మేర తప్పుగా అరుగదీయబడెను. నక్షత్రములన్నియు మసకగా వచ్చెను. 1993 డిసెంబరులో వ్యోమగాములు పోయి బాగుచేయువఱకు, రిచర్డ్‌సన్ 1972లోను, లూసీ 1974లోను చెప్పిన లెక్కలతో శాస్త్రజ్ఞులు ఆ మసకను చాలవఱకు విప్పుకొనిరి. అది వారికెట్లు సాధ్యమయ్యెను? నక్షత్రము చుక్కగా నుండవలెనని ముందే తెలియును. చుక్క యెట్లు చెదరినదో చూచినచో, తక్కినవన్నియు నట్లే చెదరినవని తెలియును. పటము తీయుటలో కెమేరా కదలినను, పటమంతయు ఒక్క దిక్కునకే చెదరినచో, ఈ లెక్క కొంత పనిచేయును. మా అమ్మ సంగతి వేఱు. కెమేరా కదలలేదు, తక్కినవారు కదలలేదు. మూత తీసి మూయునంతలో ఆమె తల త్రిప్పినది. ఒక ముఖముమీద నింకొక ముఖము పడినది. రెండును ఆమెవే, కాని వేఱుచేయుటకు వీలులేదు.

సంక్రాంతికి వచ్చిన మా అబ్బాయి యిది చూచి, “ఇంత శ్రమ యెందుకు, నాన్నగారూ?” యని తన ఫోనులో నేదో మీట నొక్కెను. కృత్రిమమేధ యని దాని పేరు. నిమిషము గడువకముందే మా అమ్మ ముఖము కన్నులతో, కనుబొమలతో, రెప్పవెండ్రుకలతో వచ్చి నిలిచెను. నాకు కన్నులు చెమ్మగిల్లిన మాట నిజము. దానిని పెద్దదిగా అచ్చువేయించి, చట్రము కట్టించి, దండ వేసితిని. వారముదినములు ఉదయము లేవగనే దానినే చూచితిని.

ఆపైన దానిని తీసికొని గుడివాడకు పోయితిని. మా పెద్దమ్మగారికి 88 ఏండ్లు. చూపు బాగుగనే యున్నది. పటమును వెలుతురుకు పట్టి చూచి,

“ఎవర్రా ఈ పిల్ల?” అనెను.

“అమ్మ, పెద్దమ్మా.”

“మీ అమ్మా? మీ అమ్మకి ముందుపన్ను కాస్త ఎత్తు. పెదవులు కలిసేవి కావు. దానికోసమే రెండు సంబంధాలు తప్పిపోయాయి. ఈవిడెవరో చక్కని మనిషే గాని, నా చెల్లెలు కాదు నాయనా.”

ఎత్తుపన్ను! ఆ మాట చెవినిబడగనే నాకు జ్ఞప్తికి వచ్చెను. మా అమ్మ నవ్వునప్పుడు కొంగు నోటి కడ్డము పెట్టుకొనెడిది. అది నేను మఱచియుంటిని. అంతకన్న ఘోరము, ఆ వారముదినములలో నా తలపులోని తల్లి కొంత ప్రక్కకు జరిగి, ఆ క్రొత్త స్త్రీకి చోటిచ్చెను. కన్నులు మూసికొన్నచో ఆ అచ్చుబొమ్మయే వచ్చుచుండెను. చాలకాలము దానిని తోలివేయుటకే నేను పాటుపడవలసివచ్చెను.

ఆ సాధనము అబద్ధమాడవలెనని ఆడదు. అది లక్షలకొలది ముఖములను చూచి నేర్చుకొన్నది. ఇట్టి మసక కిట్టి ముఖముండవచ్చునని ఊహించును. ఆ రెప్పవెండ్రుకలు ఎవరివో. 2020లో అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయమువారు చేసిన పల్స్ అను నిట్టి సాధనమునకు, కొలది చుక్కలకు కుదించిన బరాక్ ఒబామా పటము నిచ్చినప్పుడు, అది యొక తెల్లదొర ముఖమును గీసియిచ్చెను. లోకమంతయు ఎఱిగిన ముఖము గనుక అందఱును నవ్విరి. కోడూరు దగ్గఱి పల్లెటూరి యిల్లాలి ముఖము విషయములో తప్పు పట్టగలవారు ఒక్కరే మిగిలియుండిరి. ఆమెయు లేనిచో, నా మనుమలకు ఆ పరాయిస్త్రీయే ముత్తవ్వ యగును. వేడుకకు చేసికొన్నచో నేను తప్పనను. కాని దానిపైన, ఇది యంత్రము గీసిన బొమ్మయని వ్రాసిపెట్టుడు. అసలుపటము చట్రములో మాత్రము దానిని పెట్టవలదు.

తిరిగివచ్చి, 1200 చుక్కలతో తీసిన నకలును మరల తెఱచితిని. ముఖమును విడిచి ఆమె తక్కిన రూపమును చూచితిని. వన్నెలు సాగదీయుచుండగా, నా పాదమును పట్టుకొన్న ఆమె చేయి స్పష్టముగా తేలివచ్చెను. తల కదలినది గాని చేయి కదలలేదు. మణికట్టునకు పైగా ఏదో మరక. ముప్పది, ముప్పదియైదు చుక్కల మేర. మొదట బూజనుకొని రఫ్ఫు చేయబోతిని. ఎందుకో చేయాడక, ఆ చేతిని మాత్రము పెద్దదిగా అచ్చువేయించి మరల గుడివాడకు పోయితిని. పెద్దమ్మగారు చూచి మాటాడలేదు. తన కుడిచేతి రవికను పైకి జరుపుకొని చూపెను. ముడుతలలో పచ్చబొట్టు, తులసికోట. మోపిదేవి తిరునాళ్లలో ఒక్కనాడే అక్కచెల్లెండ్రిద్దరును పొడిపించుకొనిరట. చిన్నది యేడ్చినదట, పెద్దది యేడ్వలేదట.

“మఱి ఫొటోలో అమ్మ ఎందుకు కదిలింది పెద్దమ్మా?” యని యడిగితిని.

“నువ్వేరా! నల్లగుడ్డ కప్పుకున్నవాణ్ణి చూసి జడుసుకున్నావు. ఊరుకో ఊరుకో అని నీ వైపు తిరిగింది.”

ఆ మసకను నేను పిమ్మట ముట్టుకొనలేదు.

ఆ దినముననే తక్కినవారి పేరులు వ్రాసికొనుట మొదలుపెట్టితిని. ఈ పని చేయునప్పుడు పటము నకలుమీద ఒక్కొక్క తలకు నొక సంఖ్య వేసి, వేఱుకాగితముమీద పేరు, ఊరు, చుట్టఱికము వ్రాయవలెను. అసలుపటము వెనుక వ్రాయదలచినచో మెత్తని పెన్సిలుతో, అంచున, ఒత్తక వ్రాయవలెను. బాలుపెన్ను ఒత్తుడు ముందువైపునకు తేలును. పెద్దలు చెప్పుచుండగా ప్రక్కన ఫోనులో వారి గొంతును పట్టియుంచినచో మఱియు మంచిది. పేరుకొఱకు అడిగినచో కథ వచ్చును. మీ యింట నట్టి పటములుండి, వానిలోని పేరులు తెలిసినవారు మీరే యైనచో, మనుమలు వచ్చి యడుగువఱకు ఆగవలదు. మీరే పిలిచి కూర్చుండబెట్టుకొనుడు.

నకళ్లను ఒక్కచోట నుంచరాదు. ఒకే యింటిలో రెండు పెట్టెలలో పెట్టుట రెండుచోట్ల పెట్టుట కాదు; ఉప్పెన వచ్చిన ఊరివాడను గనుక చెప్పుచున్నాను. మా పటము నకలు పెన్‌డ్రైవులో నొకటి గుడివాడలోను, ఒకటి మా అబ్బాయి దగ్గఱ హైదరాబాదులోను, ఒకటి నాదగ్గఱను గలవు. ఏటేట సంక్రాంతికి తెఱచి, చదువబడుచున్నవో లేదో చూచుకొందుము.

జపానులో 2011 మార్చి 11న సముద్రము పొంగి ఊళ్లను ముంచినప్పుడు, బురదలో దొరకిన పటములను స్వచ్ఛందసేవకులు ఏఱి, నీటితో మెల్లగా కడిగి, ఆరవేసి, నకళ్లు తీసి, సొంతదారులకు అప్పగించుటకు పూనుకొనిరి. యమమొతొ అను నొక్క ఊరిలోనే దాదాపు ఏడున్నరలక్షల పటములు తేలినవట. ఇల్లు పోయినవారు, మనుష్యులు పోయినవారు వచ్చి, ఆ వరుసలలో తమవారి ముఖములకొఱకు వెదకికొనిరి. అది చదివిన రాత్రి నాకు నిదుర పట్టలేదు. 1977లో మా ఊరిబురదను పారలతో ఎత్తిపోసినప్పుడు దానిలో ఏయే గోడలమీది పటములుండెనో, ఎవరికిని ఆ తలంపే లేదు. శవములకు చోటు చూచుటకే దినములు చాలలేదు.

మా పెండ్లిపటములోని 23 మందిలో 20 మందికి పేరులు తెలిసినవి. వారిలో అయిదుగురు ఉప్పెనలో పోయినవారు. పెండ్లికూతురువైపు పిల్లలిద్దరి పేరులు ఇంకను తెలియవలసియున్నవి. వెనుకవరుస చివర, పందిరిరాటను ఆనుకొని, మూసిన గొడుగు చేతబట్టుకొని నిలుచున్న పెద్దమనిషి యెవరో పెద్దమ్మగారికిని జ్ఞప్తికి రాలేదు. మా వైపు చుట్టము కాదని మాత్రము రూఢిగా చెప్పెను. ఆయన కాగితముమీద 23వ సంఖ్య యెదుట, ప్రస్తుతమునకు, గొడుగు పెద్దమనిషి యని వ్రాసియున్నది.